దక్షిణపు గది మీద మా అభిప్రాయాలు

ముఖర్జీ నగర్, ఢిల్లీ
14 నవంబరు 1978

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ కార్డు అందింది. నా ఆరోగ్యం బాగానే ఉంది. చలి ఇంకా ముదరలేదు. ఆఫీసులో కొత్త సంగతులేమీ లేవు. ఈ మూడూ రాశాక ప్రతిసారీ ఏం రాయాలో తోచక ఉత్తరం అంటించేస్తాను. మీరూ అంతే చేస్తారని నాకు తెలుసు. మీ అబ్బాయి పోయి రెండేళ్ళు దాటింది. ఆ సంగతి రాస్తే ఇద్దరికీ ఏడుపు, రాయకపోతే ఉత్తరంలో ఏమీ ఉండదు.

ఈసారి రాయడానికి ఒకటుంది. మా సెక్షన్లో కాంతమ్మగారని గుంటూరావిడ ఉన్నారు. నేతాజీ నగర్లో చెన్నకేశవులుగారనే అండర్ సెక్రటరీ క్వార్టర్లో నెలకో ఆదివారం తెలుగువాళ్ళు పది పన్నెండు మంది కలుస్తారట. అందరూ ఒకే పుస్తకం చదివొచ్చి దాని మీద తలో మాటా మాట్లాడుకుంటారు. విజయవాడ నుంచి పోస్టులో వి.పి.పి. కట్టి మూడు నాలుగు ప్రతులు తెప్పించి చేతులు మార్చుకుంటారు. "ఆదివారం పూట ఆ గదిలో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది, నడు" అని కాంతమ్మగారు నన్ను బస్సెక్కించేశారు.

కాంతమ్మగారు ముందే ఇచ్చి చదివించిన పుస్తకం పేరు "కంకర రోడ్డు". ఒక కాంట్రాక్టరు అడవిలో రోడ్డు వేయడం, కూలీలు తిరగబడటం, ఆఖరికి ఆయన మనసు మారడం. నా వంతు వచ్చినప్పుడు అన్నాను, "కాంట్రాక్టరు మనసు మారింది సరే, కూలీల భోజనం మారిందో లేదో రచయిత చెప్పలేదు" అని. అందరూ నవ్వారు. ఘాజియాబాదు నుంచి వచ్చే మాణిక్యంగారని ఒకాయన, అక్కడేదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, "ఇది నవల కాదండీ, పి.డబ్ల్యు.డి. ఎస్టిమేటు" అన్నారు. చెన్నకేశవులుగారి భార్య దుర్గాంబగారు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని "అప్పుడప్పుడూ వస్తుండమ్మా" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను, రెండు గంటలు తెలుగు విన్నాను, అందులో ఒక్కరూ నన్ను "పాపం" అనలేదు అని.

మీ ఊరి గ్రంథాలయంలో ఆ పుస్తకం దొరికితే చదవండి. మీ అభిప్రాయం రాయండి.

మీ కోడలు
లలితకుమారి


పార్వతీపురం
2 డిసెంబరు 1978

చిరంజీవి లలితకు ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కళ్ళు తుడుచుకోకుండా నీ ఉత్తరం రెండోసారి చదవడం ఇదే మొదలు.

పుస్తకం మా శాఖా గ్రంథాలయంలో ఉంది. తీసిన పుణ్యాత్ముడు ఎవరూ లేనట్టుంది, పేజీలు అంటుకునే ఉన్నాయి. హాస్టలు పిల్లలు పడుకున్నాక నాలుగు రోజుల్లో ముగించాను. నీ మాట నిజమే, కానీ కాంట్రాక్టరు చెల్లెలి పాత్ర ఉంది చూడు, అది బాగా రాశాడు. అన్నగారి ఇంట్లో ఉంటూ అన్నగారి తప్పులు కనిపెట్టే మనిషి. అన్నం పెట్టేవాడి తప్పు చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. నాకు ఇరవై ఆరో ఏట మీ మామగారు పోతే, ఈ మేట్రను ఉద్యోగం దొరికేదాకా నాలుగేళ్ళు మా అన్నయ్య ఇంట్లోనే కదా నేనూ, పసివాడు శేషగిరీ ఉన్నది. మీ ఘాజియాబాదు ఆయన ఈ చెల్లెల్ని చూడకుండానే ఎస్టిమేటు అనేశాడు. ఆయనకు చెప్పు.

ప్రతి నెలా మీరు చదివేది నాకూ రాస్తూ ఉండు. దొరికితే నేనూ చదువుతాను. నువ్వక్కడ, నేనిక్కడ. పిల్లలకు అన్నాలు పెట్టించి, తాళాలు వేయించాక నా గదిలో నాకూ పనేమీ ఉండదు.

చలికి ఉన్ని చొక్కా లోపల వేసుకో. మీ ఇంటావిడ గది కిటికీకి అద్దం వేయించిందా లేదా రాయలేదు నువ్వు.

నాగేంద్రమ్మ


ముఖర్జీ నగర్, ఢిల్లీ
23 జనవరి 1979

అత్తయ్యగారికి నమస్కారాలు.

చావ్లా ఆంటీ కిటికీకి అద్దం వేయించలేదు, అట్టముక్క అడ్డం పెట్టింది. "బేటీ, దో మహీనే కీ తో సర్దీ హై" అంటుంది, రెండు నెలల చలే కదా అని. పోయినేడూ ఇదే మాట. గది మేడ మీదది కదా, నాలుగు వైపులా గాలే. మీరు వచ్చినప్పుడు చూశారుగా.

మీ మాట మాణిక్యంగారికి చెప్పాను. ఆయన "మీ అత్తగారు చెప్పింది నిజమే. నేను ఆ పేజీలు తొందరగా తిప్పేశాను. ఆవిడకు నా తరఫున క్షమాపణ రాయండి" అన్నారు. అందరిముందూ అన్నారు. గోష్ఠిలో ఇప్పుడు మీకు ఒక పేరొచ్చింది. పుస్తకం తేలగానే "పార్వతీపురం ఏమంటోంది?" అని అడుగుతున్నారు.

ఈ నెల పుస్తకం ఒక రిటైర్డు ఇంజనీరుగారి బదరీ యాత్ర. ఏ మజిలీలో ఎన్ని అడుగుల ఎత్తు, ఏం తిన్నారు, ఎంత చలి, అన్నీ ఉన్నాయి. ఆయన భార్య కూడా వెంట వెళ్ళిందట. ఆ సంగతి నూట నలభయ్యో పేజీలో ఆవిడకు జ్వరం వచ్చినప్పుడు తెలిసింది. "అంతవరకూ ఆవిడ ఎక్కడుందండీ?" అన్నాను. చెన్నకేశవులుగారు పగలబడి నవ్వారు. మాణిక్యంగారు "ఆవిడ రాసి ఉంటే ఎత్తులూ దూరాలూ ఉండేవి కావు, మనం చదవగలిగేవాళ్ళం" అన్నారు.

మాణిక్యంగారిది సామర్లకోట. ఇద్దరు చెల్లెళ్ళ బాధ్యత మీద పడి ముప్ఫయి నాలుగేళ్ళు వచ్చినా ఒంటరిగానే ఉన్నారు. గోష్ఠి అయ్యాక పొగమంచులో బస్సులు సరిగా రాకపోతే, నన్నూ కాంతమ్మగారినీ బస్సెక్కించి గానీ ఆయన స్టేషనుకు వెళ్ళరు. ఆయన వెళ్ళే షటిల్ రైలు ఎన్నోసార్లు తప్పిపోయి ఉంటుంది.

వచ్చే నెలకు పుస్తకం తేలలేదు. మీరేదైనా చెప్పండి.

లలిత


పార్వతీపురం
9 ఫిబ్రవరి 1979

చిరంజీవి లలితకు ఆశీస్సులు.

బదరీ యాత్ర నాకు దొరకలేదు. దొరక్కపోయినా నష్టం లేదనిపించింది.

పుస్తకం చెప్పమన్నావు. "దక్షిణపు గది" అని ఒక నవల ఉంది. శేషగిరి కాలేజీలో చేరిన ఏడు చదివాను, మళ్ళీ మొన్న తీసి చదివాను. సుభద్ర అని చిన్న వయసులో భర్త పోయిన అమ్మాయి, ఆమె అత్తగారు, కాలవ పక్కన ఇల్లు. దక్షిణపు గదిలో అద్దెకు దిగిన సర్వేయరు ఆమెను ఇష్టపడతాడు. ఆమెకూ ఇష్టమే. అయినా స్టేషను దాకా వెళ్ళి అతన్ని రైలెక్కించి, తిరిగి వచ్చి, ఆ గది తలుపు మూసి, అత్తగారి పక్కన కూర్చుంటుంది. చివరి పేజీ చదివితే మనసు కడిగినట్టుంటుంది. ఇప్పటి నవలల్లో అంత ఉదాత్తమైన ముగింపు నేను చూడలేదు. మీ గోష్ఠిలో పెట్టండి. పార్వతీపురం ఈ మాట అంటోందని చెప్పు.

మాణిక్యంగారికి చెల్లెళ్ళు ఉన్నారన్నావు. తల్లి ఉందా?

నాగేంద్రమ్మ


ముఖర్జీ నగర్, ఢిల్లీ
17 ఏప్రిల్ 1979

అత్తయ్యగారికి నమస్కారాలు.

"దక్షిణపు గది" పోయిన ఆదివారం అయింది. ఉత్తరం వెంటనే రాయలేకపోయాను.

మీ మాట అందరికీ చెప్పాను. దుర్గాంబగారు కళ్ళు ఒత్తుకుంటూ "మీ అత్తగారిది ఎంత సంస్కారం" అన్నారు. నవల అందరికీ నచ్చింది. ఒకరి తర్వాత ఒకరు త్యాగం, ఉదాత్తత అంటూ వచ్చారు. నా వంతు వచ్చేసరికి నేనూ ఆ మాటే అని ఊరుకోవాలనుకున్నాను. నోరు వినలేదు.

"ఈ ముగింపు అబద్ధమండీ" అన్నాను.

చెన్నకేశవులుగారు "అబద్ధమంటే?" అన్నారు.

"సుభద్ర తిరిగొచ్చి తృప్తిగా కూర్చుంది అని రాశాడు. రచయిత తృప్తిపడమన్నాడు కనక పడింది. నిజంగా అయితే పడదు. తలుపు మూసి వచ్చిన మనిషికి మర్నాడు తెల్లవారుతుంది. ఆ మర్నాడు రాయలేక అక్కడ ఆపేశాడు. ఆమె ఆ రైలు ఎక్కి ఉంటే ఏ పాపం జరిగేదో ఒక్కచోటైనా చెప్పాడా?"

నేను నవల గురించి మాట్లాడటం లేదని అందరికీ ఒకేసారి తెలిసిపోయినట్టు అందరూ ఒక్కసారే తలలు దించుకున్నారు. దుర్గాంబగారు నా పక్కనుంచి లేచి వెళ్ళి ఎదురుకుర్చీలో కూర్చున్నారు. "పుస్తకాల్లో మాట్లాడటం తేలికే అమ్మా. నలుగురి ఇళ్ళల్లో ఆడవాళ్ళుంటారు, వాళ్ళు వింటారు. కాస్త చూసి మాట్లాడాలి" అన్నారు.

"నేను పుస్తకం గురించే అన్నాను" అన్నాను.

"అచ్ఛా" అన్నారావిడ. ఆవిడ హిందీ మాట వాడితే సంభాషణ అయిపోయిందని అర్థం.

మాణిక్యంగారు ఏమీ అనలేదు.

మీరు ఇష్టపడ్డ పుస్తకం. మీకు కోపం వస్తుందని తెలుసు. కానీ మీతో పుస్తకం గురించి ఇంతవరకూ అబద్ధం రాయలేదు. ఇప్పుడూ రాయలేను.

లలిత


పార్వతీపురం
1 మే 1979

లలితకు,

నీ అభిప్రాయం చదివాను. రైలెక్కితే ఏ పాపమని అడిగావు. పాపం లేదు. నేను అంత మూర్ఖురాలిని కాను.

కానీ ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. సుభద్ర అత్తగారు. కొడుకు పోయిన మనిషి. నువ్వు ఇంత పెద్ద ఉత్తరంలో ఆమె గురించి ఒక్క వాక్యం రాయలేదు. సుభద్ర రైలెక్కితే ఆ రోజు ఆ ఇంట్లో దీపం పెట్టుకుని ఎవరి ఎదురుగా కూర్చోవాలి ఆవిడ? బదరీ యాత్రలో ఇంజనీరుగారి భార్య కనబడలేదని అంత వెతికినదానివి, ఇక్కడ ఎదురుగా ఉన్న ముసలిదాన్ని చూడలేదు.

దుర్గాంబగారు చెప్పింది సరైన మాట. పరాయి వాళ్ళ ఇంట్లో, మగవాళ్ళ మధ్య కూర్చుని మన బతుకు పరుచుకోకూడదు. నేను పాతికేళ్ళకు పైగా నూరుమంది ఆడపిల్లలున్న హాస్టల్లో తల ఎత్తుకు తిరిగానంటే, నా మాట నా నోట్లో పెట్టుకున్నాను కనక.

నేను మాణిక్యంగారి తల్లి గురించి అడిగాను. నువ్వు జవాబు రాయలేదు. రాయనక్కర్లేదు. పుస్తకాల సంగతులు కూడా ఇక రాయనక్కర్లేదు.

నాగేంద్రమ్మ


ముఖర్జీ నగర్, ఢిల్లీ
11 జూన్ 1979

అత్తయ్యగారికి నమస్కారాలు.

నా ఆరోగ్యం బాగుంది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. ఆఫీసులో కొత్త సంగతులేమీ లేవు.

లలితకుమారి


ముఖర్జీ నగర్, ఢిల్లీ
26 ఆగస్టు 1979

అత్తయ్యగారికి,

జూన్‌లో కార్డు రాశాను. జూలైలో రాశాను. మీ దగ్గర నుంచి రాలేదు. మీకు ఒంట్లో బాగాలేదేమోనని హాస్టలుకు ట్రంకాల్ చేయించాను. ఎవరో అమ్మాయి ఎత్తి "మేట్రనమ్మగారు బాగానే ఉన్నారు, పిల్లల్ని తిడుతున్నారు" అంది. అది విని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

పుస్తకాల సంగతి రాయొద్దన్నారు, రాయను. రాయడానికీ లేదు. మే నెల నుంచి గోష్ఠికి రమ్మనే కార్డు నాకు రావడం లేదు. మా సెక్షన్లో కాంతమ్మగారికి వస్తోంది. ఆవిడ మొహమాటపడుతూ "ఈ నెల సమావేశం లేదేమోనమ్మా" అంటారు. ఆవిడ సంచిలో పుస్తకం అంచు నాకు కనబడుతూనే ఉంటుంది.

మళ్ళీ ఆదివారాలు వచ్చాయి. వాన కురిస్తే మేడమీద రేకుల చప్పుడుకు ఇంకేమీ వినపడదు. పొద్దున్న చావ్లా ఆంటీ పాల కోసం తలుపు కొడుతుంది, సోమవారం ఉదయం దాకా అదే ఆఖరి మాట. పోయిన ఆదివారం సాయంత్రం నాకు నేనే ఏదో పైకి అనుకుని, నా గొంతు విని ఉలిక్కిపడ్డాను.

మీరు అడిగినదానికి జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మాణిక్యంగారికి తల్లి ఉంది. ఆయన నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. రెండుసార్లు కాంతమ్మగారు రాని రోజుల్లో మేమిద్దరమే కనాట్ ప్లేసులో బస్సు దిగి, కాసేపు నడిచి కాఫీ తాగాం. మాట్లాడుకున్నవి పుస్తకాలే. నాకు ఆ నడక ఇష్టమైంది. అంతే జరిగింది, దాంట్లో దాచవలసింది లేదు, అయినా మీకు రాయలేదు. ఎందుకంటే మీరు నాకు ఉత్తరాల పైన "చి.ల.సౌ." అని రాసేవారు, మీ అబ్బాయి పోయాక సౌభాగ్యవతి అనే ఆ "సౌ" తీసేశారు. తీసేయక తప్పదు, నాకు తెలుసు. కానీ ప్రతి ఉత్తరం విప్పగానే నేను ముందు చూసేది ఆ ఖాళీనే.

ఆ రోజు గోష్ఠిలో అందరూ తలలు దించుకున్నప్పుడు, ఆయన ఒక్క మాట అంటారని చూశాను. "లలితగారు చెప్పిందాంట్లో నిజముంది" అంటే చాలు. ఆయన పుస్తకం అట్ట మీద ఏదో మరక గోటితో గీకుతూ కూర్చున్నారు. ఆ రోజు బస్‌స్టాపు దాకా కూడా రాలేదు.

సుభద్ర అత్తగారి గురించి మీరన్నది నిజం. నేను ఆమెను చూడలేదు. కానీ అత్తయ్యా, ఆమె వైపు చూస్తే నేను నోరు విప్పగలిగేదాన్ని కాదు.

లలిత


పార్వతీపురం
15 సెప్టెంబరు 1979

లలితకు ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను. కోపంతో రాయలేదు మొదట. తర్వాత సిగ్గుతో రాయలేదు.

ఎండాకాలం సెలవులకు పిల్లలు ఇళ్ళకు పోయారు. ఏటా అంతే, నేనూ వాచ్‌మన్ కోటయ్యా మిగులుతాం. నీ జూన్ కార్డు అప్పుడొచ్చింది. ఆరోగ్యం, ఎండ, ఆఫీసు. నేనే కదా ఇలా రాయమన్నది అనుకుని దాన్ని కిటికీ దగ్గర పెట్టాను. ఇంత పెద్ద భవనంలో పగలంతా నా చెప్పుల చప్పుడే నాకు వినబడేది. ఒక రోజు కోటయ్య పొలానికి వెళ్ళాడు. ఆ రోజంతా నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని సాయంత్రం గుర్తొచ్చింది. అప్పుడు నీ ఆదివారం ఎలా ఉంటుందో తెలిసింది. నాది ఏడాదికొక సెలవు. నీది వారం వారం.

గ్రంథాలయానికి వెళ్ళి "దక్షిణపు గది" మళ్ళీ తెచ్చాను. ఈసారి నువ్వు చదివినట్టు చదువుదామని చూశాను. నాకు దొరికింది రాస్తాను విను.

సుభద్ర స్టేషనుకు బయల్దేరేటప్పుడు అత్తగారు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ ఉంటుంది. ఆమెకు అంతా తెలుసు. "వెళ్ళు" అనదు, "వెళ్ళకు" అనదు. రచయిత దాన్ని గొప్ప నిబ్బరం అన్నాడు. నేనూ ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది నిబ్బరం కాదు. ఆ పిల్ల తనంతట తాను తిరిగి రావాలని కాచుకుని కూర్చోవడం. నోటితో అడిగితే చెడ్డదనిపించుకుంటుంది, అందుకని మౌనంతో అడిగింది. ఆ కథ ఎలా ముగిసినా ఆవిడ పక్కన ఒకరు మిగులుతారు. అందుకే అది నాకు అంత మంచి నవల అయింది. నేను నీకు ఆ పుస్తకం చెప్పింది కూడా అందుకే. అప్పుడు నాకు తెలియదు, లేక తెలియనట్టు ఉన్నాను.

నువ్వు నా నోట్లో ఉన్న మాట కోసం ఎదురుచూస్తున్నావు కనక రాస్తున్నాను. ఆయన అడిగి, నీకు ఇష్టమైతే, చేసుకో. నా కోసం ఆగకు. ఇది సంతోషంతో రాయడం లేదు. నువ్వు నా కొడుకు భార్యవి, వాడి సంగతులు తెలిసిన మనిషివి ఈ లోకంలో నువ్వొక్కదానివే. ఇంకొకరి ఇంట్లో నువ్వు వాడి పేరు పలకలేవు. అది నాకు కష్టంగానే ఉంటుంది. అయినా నా కష్టాన్ని నీ ఒళ్ళో పెట్టను.

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక పైన "లలితకు" అని రాశాను.

నాగేంద్రమ్మ


ముఖర్జీ నగర్, ఢిల్లీ
20 నవంబరు 1979

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. జవాబు అప్పుడే రాయవలసింది. ఈలోగా ఒకటి జరిగింది. అది తేలాక రాద్దామని ఆగాను.

మాణిక్యంగారు వచ్చారు. ఈ నెల మొదట్లో ఒక సాయంత్రం ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఘాజియాబాదు నుంచి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చారట. ఇద్దరం పచ్చిక మీద కూర్చున్నాం. ముందు క్షమాపణ చెప్పారు, ఆ రోజు మాట్లాడనందుకు. తర్వాత అడిగారు.

"రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుందాం" అన్నారు. "కాకపోతే ఒక్క విషయం. మా చిన్న చెల్లెలి సంబంధం మాట్లాడుతున్నారు. అది అయ్యేదాకా మా అమ్మకు తెలియకూడదు. ఇక్కడ గోష్ఠిలోనూ ఎవరికీ చెప్పొద్దు. మీరు మీ గదిలోనే ఉండండి, నేను ఘాజియాబాదులో ఉంటాను. ఆదివారాలు వస్తాను."

"మా అత్తయ్యకు?" అన్నాను.

"ఆవిడకు కూడా ఇప్పుడే వద్దు. ఉత్తరాలు ఎవరి చేతిలో పడతాయో."

"చెల్లెలి పెళ్ళి అయ్యాక చెబుతారా?"

ఆయన అబద్ధం ఆడలేదు. అది ఆయనలో మంచి గుణం. గడ్డి పీకుతూ, "ప్రయత్నిస్తాను" అన్నారు.

నేను కాదన్నాను. "నా మాట పదిమందిలో అన్నందుకు నన్ను పిలవడం మానేశారు. అయినా అన్నందుకు నేను విచారించలేదు. మీరు నన్ను కూడా ఎవరికీ వినపడకుండా చేసుకుందామంటున్నారు. నేను ఆ గదిలో ఇప్పటికే ఎవరికీ వినపడకుండా ఉన్నాను. దానికి పెళ్ళి ఎందుకు?" అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చాయి. చెడ్డవారు కాదు అత్తయ్యా. భయస్తుడు. భయస్తులు పుస్తకాల దగ్గర ఎంత ధైర్యంగా మాట్లాడతారో.

బస్సెక్కాను. ఐ.టి.ఓ. స్టాపులో దిగి, వెనక్కు పరుగెత్తుకెళ్ళి సరే అందామనిపించింది. ఆదివారాలైనా వస్తానన్నారు కదా అని. దిగాను కూడా. దిగి, అక్కడే నిలబడి, వెనక వచ్చిన మా బస్సు ఎక్కేశాను.

మీరు నాకు రాసిన అనుమతి ఇలా అయింది. కానీ అది నా దగ్గర ఉండబట్టే కాదనగలిగాను. మీకు భయపడో, మీ మీద జాలితోనో కాదన్నానని ఇక ఎవరూ, నేనూ, అనుకోనక్కర్లేదు.

లలిత


పార్వతీపురం
5 డిసెంబరు 1979

లలితకు,

నువ్వు కాదన్నావని చదవగానే నా మనసు తేలికపడింది. పడినందుకు ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. రెండూ రాస్తున్నాను. నీతో పుస్తకాల దగ్గర నిజం రాయడం నేర్చుకున్నాను, మిగతావాటి దగ్గర మానడం కుదరడం లేదు.

మంచి పని చేశావు అని రాయను. అది నువ్వే తేల్చుకోవాలి. ఇవాళ మంచిదనిపిస్తుంది, ఒక ఆదివారం కాదనిపిస్తుంది. రెండూ వస్తాయి. నేను చూశాను.

ఒక్కటి మాత్రం చెబుతాను. వాళ్ళు నిన్ను పిలవకపోతే నువ్వు పిలువు. గది నీది. అద్దె నువ్వు కడుతున్నావు.

నాగేంద్రమ్మ


ముఖర్జీ నగర్, ఢిల్లీ
26 ఫిబ్రవరి 1980

అత్తయ్యకు నమస్కారాలు.

పిలిచాను. గోష్ఠిలో అందరికీ కార్డులు రాశాను, మాణిక్యంగారికి తప్ప. ఆయన సామర్లకోట వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది, అక్కడే ఏదో మిల్లులో ఉద్యోగం.

చావ్లా ఆంటీ ముందు ఒప్పుకోలేదు. "మేడమీద మగవాళ్ళా?" అంది. "కితాబ్ పఢేంగే ఆంటీ" అన్నాను, పుస్తకం చదువుకుంటామని. "కితాబ్ తో అకేలే పఢ్తే హైఁ" అంది. పుస్తకం ఒంటరిగానే కదా చదువుకుంటారని. చివరికి తనే, "ఠీక్ హై, తలుపు తీసి ఉంచు" అంది.

పన్నెండు మందికి పులిహోర కలిపాను. మధ్యాహ్నం మూడింటికని రాశాను. మూడున్నరకు కాంతమ్మగారు వచ్చారు. తర్వాత కింద వీధిలో గది తీసుకుని ఐ.ఎ.ఎస్.కు చదువుతున్న మల్లేశం అనే కరీంనగర్ అబ్బాయి వచ్చాడు. పచారీ కొట్లో తెలుగు విని పలకరిస్తే పిలిచాను. "అక్కా, నాకు నవలలు చదువుడు తెల్వది, పరీక్షల పుస్తకాలే చదువుత. గని తెలుగు ఇనక నెలలైంది, గందుకే వచ్చిన" అన్నాడు. ఇంకెవరూ రాలేదు. ముగ్గురం ఒక కథల పుస్తకం వంతుల వారీగా పైకి చదువుకున్నాం. మల్లేశం చదువుతుంటే కథలో కోస్తా మనుషులందరూ కరీంనగర్ వాళ్ళయిపోయారు. కాంతమ్మగారు చాలాకాలానికి నవ్వారు.

అయిదింటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒకావిడ తలుపు దగ్గర ఆగి, రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతోంది. నలభై దాటి ఉంటాయి. తెల్లచీర, చేతిలో నేను రాసిన కార్డు. నేను ఎప్పుడూ చూడలేదు.

"లలితకుమారిగారి ఇల్లు ఇదేనా? నా పేరు భానుమతి. చెన్నకేశవులు మా అన్నయ్య" అంది.

లోపలికి రమ్మని కూర్చోబెట్టాను. బస్సు రెండుచోట్ల మారాల్సొచ్చిందట, ఒకచోట తప్పు బస్సు ఎక్కిందట. ఢిల్లీలో ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారట. దుర్గాంబగారు పేరంటానికి వెళ్ళారు, అన్నయ్యగారే కార్డు చేతికిచ్చి బస్సు నంబర్లు దాని వెనక రాసిచ్చారు.

"మీరు ఎప్పట్నుంచి ఉంటున్నారు ఆ ఇంట్లో?" అన్నాను.

"పదకొండేళ్ళయింది, మా ఆయన పోయినప్పటి నుంచి."

అత్తయ్యా, నేను ఆ ఇంటికి ఆరు నెలలు వెళ్ళాను. ప్రతిసారీ పకోడీలు వేడిగా వచ్చేవి, కాఫీ వచ్చేది. దుర్గాంబగారు మా మధ్య కూర్చునే ఉండేవారు. లోపల ఎవరు చేస్తున్నారో మేమెవరం అడగలేదు. "ఇళ్ళల్లో ఆడవాళ్ళుంటారు, వింటారు" అని దుర్గాంబగారు ఎవరి గురించి అన్నారో అప్పుడు తెలిసింది. మీరు నన్ను అడిగిన మాటే మళ్ళీ నాకు తగిలింది, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు అని.

ఆవిడ మంచినీళ్ళు తాగి, గ్లాసు కిందపెట్టి, "ఆ రోజు మీరు దక్షిణపు గది మీద మాట్లాడారు. వంటింటి తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఈ ముగింపు అబద్ధం అన్నారు. తర్వాత కుక్కరు కూత పెట్టింది. మిగతాది వినపడలేదు. వదినను అడిగితే చెప్పలేదు. ఇన్నాళ్ళూ అదేమిటా అని అనుకుంటున్నాను. అది అడుగుదామని వచ్చాను" అంది.

కాంతమ్మగారు, మల్లేశం నావైపు చూశారు. నాకు ఆ రోజు ఏమన్నానో ప్రతి మాటా జ్ఞాపకముంది. ఆవిడ నవల చదవలేదు కనక ముందు కథంతా చెప్పాను. సుభద్ర, కాలవ పక్కన ఇల్లు, సర్వేయరు, స్టేషను. అరుగు మీద బియ్యం ఏరుతున్న అత్తగారి గురించి మీరు రాసింది కూడా చెప్పాను. తర్వాత నేనన్న మాటలు, మర్నాడు రాయలేక రచయిత ఆపేశాడు అనే దాకా.

ఆవిడ చెంగు చివర వేలికి చుట్టుకుంది.

"రైలు వెళ్ళిపోయాక ఇంటికొచ్చింది గదా. ఆ పూట ఏం వండింది? రాశాడా?" అంది.

"రాయలేదండీ" అన్నాను.

"అది రాయాలి" అంది భానుమతిగారు.

లలిత